వాతావరణ మార్పు – కళాశాల పాఠం

తెలుగు రైతుకు కాలాన్ని కొలిచే సాధనం కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు దినాలను ఒక కార్తెగా లెక్కించి, ఏ కార్తెలో దుక్కి దున్నాలో, ఏ కార్తెలో విత్తనం వేయాలో, ఏ కార్తెలో నాటు ముగించాలో అతడు తరతరాలుగా నిర్ణయించుకొంటూ వచ్చాడు. రోహిణిలో రోళ్ళు పగులుతాయనీ, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయనీ, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదనీ చెప్పే సామెతలు ఆ అనుభవం నుండి పుట్టినవే. ఒక ప్రాంతంలో ఎండ, వాన, చలి ఏయే దినాలలో ఏ మేరకు ఉంటాయో అనేక సంవత్సరాలపాటు గమనించి, సగటు కట్టి, మాటలలో భద్రపరచిన జ్ఞానమది. చదువురాని వాడు కూడా నేర్చుకొని, మరొకరికి నేర్పగలిగిన శీతోష్ణస్థితి శాస్త్రమది.

ఆ సామెతలు ఇప్పుడు తరచుగా తప్పుతున్నాయి. మృగశిర వచ్చినా ముంగిలి చల్లబడని సంవత్సరాలు, నెల రోజుల వాన ఒక్క రాత్రిలో కురిసి మళ్ళీ వారాల తరబడి మబ్బు కనబడని సంవత్సరాలు పెరుగుతున్నాయి. తాత నేర్పిన లెక్క మనుమనికి అక్కరకు రాని ఈ సమయంలో కొత్త లెక్క నేర్పవలసిన బాధ్యత విద్యాలయాలది. ఆ బాధ్యతను కళాశాలలు ఎంతవరకు నెరవేరుస్తున్నాయన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

జనగామ జిల్లాలోని కొడకండ్లను ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఒకప్పటి వరంగల్లు జిల్లాలో భాగమైన ఈ మండలం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో జనగామలో చేరింది. ఇది వర్షం మీద, చెరువుల మీద, బోరుబావుల మీద ఆధారపడిన మెట్ట ప్రాంతం. ఇక్కడి జీవనానికి సేద్యం ఒక ఆధారమైతే చేనేత మరొక ఆధారం. ఈ రెండు వృత్తులూ ఆకాశాన్ని నమ్ముకొన్నవే. గంజి పెట్టిన పడుగు ఆరాలంటే ఎండ కావాలి. గుంటమగ్గం నడవాలంటే గుంటలో చెమ్మ ఊరకూడదు. ఎడతెరిపి లేని వానలకు మగ్గం ఆగుతుంది. మితిమీరిన ఎండలకు నేతగాని శరీరం అలసిపోతుంది. పత్తి వేసిన రైతు వాన కోసం ఎదురుచూసి, అదే వాన పత్తి పగిలిన వేళ కురిస్తే తల పట్టుకొంటాడు. ఇటువంటి ఇంటి నుండి కళాశాలకు వెళ్ళే విద్యార్థికి వాతావరణ మార్పు పరీక్షలో రాయవలసిన విషయం మాత్రమే కాదు. తల్లిదండ్రుల ఆదాయాన్ని, తన చదువు కొనసాగడాన్ని నిర్ణయించే విషయం.

పర్యావరణాన్ని విద్యార్థులకు బోధించాలన్న ఆలోచన దేశంలో కొత్తది కాదు. 1976లో జరిగిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 48-ఎ అధికరణం చేరింది. పర్యావరణాన్ని కాపాడటం రాజ్యం కర్తవ్యమని అది చెబుతున్నది. అదే సవరణతో చేరిన 51-ఎ అధికరణం ఆ కర్తవ్యాన్ని పౌరులకు కూడా వర్తింపజేసింది. ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పాఠశాలలలోను, కళాశాలలలోను పర్యావరణ విద్యను తప్పనిసరి చేయవలసిందిగా ఆదేశించింది. ఆ ఆదేశం అమలులో జాప్యం జరగగా 2003లో న్యాయస్థానం మరల జోక్యం చేసుకొన్నది. దాని ఫలితంగా విశ్వవిద్యాలయాల నిధుల సంఘం అన్ని డిగ్రీ కోర్సులకు ఆరు నెలల పర్యావరణ పాఠ్యాంశాన్ని రూపొందించింది. 2023లో అదే సంఘం కొత్త మార్గదర్శకాలను వెలువరించి, వాతావరణ మార్పును అందులో ముఖ్యాంశంగా చేర్చింది. ఇంటర్మీడియట్ స్థాయిలో కూడా తెలుగు రాష్ట్రాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు పర్యావరణ విద్య పేరుతో ఒక పరీక్ష ఏళ్ళ తరబడి జరుగుతూ వచ్చింది.

అయితే ఆ పరీక్ష స్వభావాన్ని గమనిస్తే అసలు సమస్య బోధపడుతుంది. అది కేవలం అర్హత పరీక్ష. అందులో వచ్చిన మార్కులు మొత్తం మార్కులలో కలవవు. కలవని మార్కుల కోసం ఎవరూ శ్రమించరు. ప్రవేశ పరీక్షల పరుగులో ఒక్కొక్క మార్కును లెక్కించుకొనే విద్యార్థికి, ఫలితాలను ప్రకటనలుగా మార్చుకొనే యాజమాన్యానికి ఈ పాఠం ఒక లాంఛనంగానే కనబడుతుంది. ముందురోజు కొన్ని ప్రశ్నలు చదివి, మరుసటి రోజు రాసి, ఆపైన మరచిపోయే పాఠంగా అది మిగులుతుంది. ఏ విషయం మీద రాబోయే తరాల జీవనం ఆధారపడి ఉన్నదో ఆ విషయాన్నే లెక్కలోకి రాని పాఠంగా ఉంచడం విచారకరం.

మరొక వైపు, ఉన్న పాఠాలు కూడా తరగుతున్న సందర్భాలున్నాయి. కరోనా అనంతరం విద్యార్థుల భారాన్ని తగ్గించే పేరుతో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో పాఠ్యపుస్తకాలను కుదించినప్పుడు, పన్నెండవ తరగతి జీవశాస్త్రంలోని పర్యావరణ సమస్యల అధ్యాయం తొలగిపోయింది. భారం తగ్గించడం మంచిదే. కాని తీసివేతకు తొలుత ఎంపికయ్యే పాఠం ఏదో గమనిస్తే, దేనికి ఎంత విలువ ఇస్తున్నారో తెలిసిపోతుంది.

కనుక కళాశాలలలో వాతావరణ మార్పును బోధించాలా వద్దా అన్న చర్చ ముగిసిపోయినట్లే. మిగిలిన ప్రశ్న అది ఏ విధంగా బోధింపబడాలన్నదే. ఒక మూలన విడిగా ఉంచిన అర్హత పాఠంగా కాక, విద్యార్థి చదివే ప్రతి శాస్త్రంలోనూ భాగంగా, అతని ఊరి చెరువును, చేనును, మగ్గాన్ని ఉదాహరణలుగా చేసికొని బోధించినప్పుడే ఈ విద్య సార్థకమవుతుంది.

ఇందుకు కావలసిన సామగ్రి దూరాన లేదు. 2023 జులై 27 ఉదయం వరకు గడచిన ఇరవైనాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అదే రోజు జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు నమోదయింది. తెలంగాణ రాష్ట్ర సగటు వార్షిక వర్షపాతం సుమారు 900 మిల్లీమీటర్లు. అనగా సంవత్సరమంతా కురవవలసిన వానలో దాదాపు మూడింట రెండు వంతులు చిట్యాలలో ఒక్క దినంలో కురిసిందన్న మాట. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. ఇండ్ల కప్పుల మీదికి చేరిన ప్రజలను కాపాడటానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. మరుసటి సంవత్సరం, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం సమీపాన రైలుపట్టాల కింది కట్ట వరదకు కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి.

ఈ ఒక్క సంఘటనతో ఎన్ని పాఠాలు చెప్పవచ్చునో చూడదగును. ఒక ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 616.5 మిల్లీమీటర్ల వాన కురిస్తే చేరే నీరు దాదాపు 25 లక్షల లీటర్లు. ఈ గణితం చేసిన విద్యార్థికి చెరువు కట్ట ఎందుకు తెగుతుందో ఎవరూ వివరించనక్కరలేదు. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుందన్నది భౌతికశాస్త్రం. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోసుకొని వచ్చి, అనుకూలించిన చోట ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అయితే ఒకానొక వానకు భూతాపమొక్కటే కారణమని తేల్చి చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. అల్పపీడనాలు, ఋతుపవనాల సహజమైన హెచ్చుతగ్గులు ఎప్పుడూ ఉన్నవే. భూతాపం అటువంటి అతివృష్టి సంభవించే అవకాశాన్ని, దాని తీవ్రతను పెంచుతుంది. ఈ సూక్ష్మభేదాన్ని గ్రహించడమే విజ్ఞానశాస్త్ర విద్య ముఖ్య ప్రయోజనం. ప్రతి వానకూ వాతావరణ మార్పునే కారణంగా చెప్పే వానిని, అసలు మార్పే లేదని వాదించే వానిని సమానంగా ప్రశ్నించగల వివేకం దానివల్ల అలవడుతుంది.

రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి ఆమ్ల, క్షార సిద్ధాంతం ద్వారా అర్హీనియస్ పేరు సుపరిచితం. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లోనే లెక్కగట్టినవాడు ఆ శాస్త్రవేత్తయే. ఈ సంగతి చెప్పడానికి ప్రత్యేకంగా ఒక పీరియడ్ అవసరం లేదు. సిద్ధాంతం చెప్పే చోటనే రెండు వాక్యాలు చేర్చితే చాలు. పారిశ్రామిక విప్లవానికి పూర్వం గాలిలో పదిలక్షల భాగాలకు సుమారు 280 భాగాలున్న ఈ వాయువు నేడు 420 భాగాలను మించింది. వృక్షశాస్త్రంలో పరాగసంపర్కం చెప్పేటప్పుడు, వరి పూతదశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే గింజ కట్టక తాలు ఏర్పడుతుందని చెప్పవచ్చు. ఎల్లప్పుడూ నీరు నిలిచిన వరిమడి నుండి మీథేన్ వెలువడుతుందనీ, మడిని మధ్యమధ్య ఆరనిచ్చి తడిపితే ఆ వాయువూ తగ్గుతుందనీ, నీరూ మిగులుతుందనీ వివరించవచ్చు. చరిత్ర అధ్యాపకుడు కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను గురించి చెబుతూ, పై చెరువు అలుగు పోసిన నీరు కింది చెరువుకు చేరే ఆ ఏర్పాటు అతివృష్టికీ, అనావృష్టికీ కూడా విరుగుడుగా పనిచేసిన తీరును చూపవచ్చు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకం రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను గుర్తించింది. ఆ పథకం కింద తమ ఊరి చెరువులో ఏ పని జరిగింది, ఇప్పుడు దాని పరిస్థితి ఏమిటి అన్నది అర్థశాస్త్ర, పౌరశాస్త్ర విద్యార్థులకు చక్కని పరిశీలనాంశం.

సున్నితమైన విషయాలను కూడా దాటవేయకూడదు. భూపాలపల్లి నేల కింద బొగ్గు ఉన్నది. సింగరేణి గనులు, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రం వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. ఆ విద్యుత్తే చుట్టుపక్కల జిల్లాలలో బోరు మోటార్లను, మరమగ్గాలను నడుపుతున్నది. అదే సమయంలో, 12 కిలోల కర్బనం పూర్తిగా మండితే 44 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుందన్నది కాదనలేని రసాయన సత్యం. గని కార్మికుని బిడ్డ కూర్చున్న తరగతిలో ఈ సత్యాన్ని చెప్పడం ఎలా? కార్మికుని దోషిగా నిలబెట్టే బోధన అన్యాయం. సత్యాన్ని దాచే బోధన అంతకంటె అన్యాయం, ఎందుకంటే బొగ్గు వాడకం తగ్గే కాలం వచ్చినప్పుడు మొదట నష్టపోయేది ఆ బిడ్డయే. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. నేడు ఇంటర్మీడియట్ చదివే వారి ఉద్యోగ జీవితమంతా ఆ మార్పు నడుమనే గడుస్తుంది. ఏ నైపుణ్యాలు అవసరమవుతాయో, ఏ వృత్తులు మారుతాయో ముందుగా తెలుసుకొనే హక్కు వారికి ఉన్నది.

ఈ సందర్భంలోనే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది. గాలిలో పేరుకొన్న కర్బనంలో అధికభాగం ముందుగా పారిశ్రామికమైన దేశాలదే. భారతీయుని తలసరి ఉద్గారాలు నేటికీ ప్రపంచ సగటు కంటె తక్కువ. ఈ వాస్తవాన్ని విద్యార్థికి తప్పక చెప్పాలి. తాను చేయని తప్పుకు అపరాధభావంతో తల వంచుకొనవలసిన అవసరం కొడకండ్ల విద్యార్థికి లేదు. అయితే ఎండకు, వరదకు సరిహద్దులు లేవు గనుక, తప్పు ఎవరిదైనా తట్టుకొనే సన్నాహం ఇక్కడనే జరగాలి.

బోధనలో భాష మరొక ముఖ్యాంశం. కొడకండ్లకు సమీపాననే ఉన్న పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని జన్మస్థలంగా ప్రసిద్ధి పొందింది. సంస్కృతం పండితుల భాషగా చెలామణి అవుతున్న కాలంలో సామాన్యులకు అందే జాను తెనుగును, ద్విపదను ఎంచుకొని రచన చేసిన మహాకవి ఆయన. ఎంత గొప్ప విషయమైనా ప్రజల భాషలోకి దిగివస్తేనే ప్రజలదవుతుందని ఆ ఎంపిక చాటుతున్నది. వాతావరణ శాస్త్రానికి నేడు అటువంటి ప్రయత్నమే కావలసి ఉంది. ఈ దినపు ఎండ, రేపటి వాన వాతావరణం. సుమారు ముప్పయి సంవత్సరాల సగటు శీతోష్ణస్థితి. భూగోళశాస్త్రం ఈ రెంటినీ వేరుచేసి చెబుతుంది. వార్తలలో మాత్రం రెండింటికీ వాతావరణమన్న మాటే వినబడుతుంది. అందువల్ల ఈ ఏడు చలి ఎక్కువగా ఉన్నది కాబట్టి భూతాపం అబద్ధమని వాదించేవారు బయలుదేరుతున్నారు. కార్తెల సామెతలను పాఠంలోకి తెచ్చి, అవి చెప్పిన సగటు కాలానికీ, గత ముప్పయి సంవత్సరాలలో వాస్తవంగా కురిసిన కాలానికీ గల తేడాను గుర్తించమంటే ఆ భేదం తేలికగా తెలిసివస్తుంది. ఆ పనికి తెలుగు తరగతి గదియే తగిన చోటు.

ఇతర దేశాల విద్యాలయాలు ఈ దిశలో నడుస్తున్నాయి. ఇటలీ 2020 నుండి పాఠశాలలలో వాతావరణ మార్పు బోధనను తప్పనిసరి చేస్తున్నట్లు 2019లో ప్రకటించింది. స్పెయిన్‌లోని బార్సిలోనా విశ్వవిద్యాలయం విద్యార్థుల ఆందోళన ఫలితంగా 2022లో అందరికీ తప్పనిసరైన పాఠ్యాంశానికి అంగీకరించింది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో ప్రాంగణం 2024లో చేరిన విద్యార్థుల నుండి వాతావరణ మార్పుకు సంబంధించిన ఒక కోర్సు చదవాలన్న నియమం పెట్టింది. అయితే అక్కడ ఒకే కోర్సును అందరి మీద రుద్దలేదు. సాహిత్యం, అర్థశాస్త్రం, విజ్ఞానశాస్త్రం మొదలైన అనేక శాఖల కోర్సులలో ఎవరికి నచ్చినది వారు ఎంచుకొనే వీలు కల్పించారు. 1975లో క్లోరోఫ్లోరోకార్బన్ల తాపప్రభావాన్ని వెల్లడించిన భారతీయ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేస్తూ, పరిష్కారాలకు ప్రాధాన్యమిచ్చే బోధనకు నాయకత్వం వహించడం గమనార్హం.

దీనికి కొన్ని అభ్యంతరాలు లేకపోలేదు. పాఠ్యప్రణాళిక ఇప్పటికే బరువెక్కిందన్నది మొదటిది. కొత్త పుస్తకం, కొత్త పరీక్ష చేర్చితే ఆ మాట నిజమే. ఉన్న పాఠాలలో ఉదాహరణలను మార్చితే బరువు పెరగదు. ఎక్కడో కొలిచిన అంకెలతో సగటు, విచలనం నేర్పే బదులు మండల వర్షపాతపు అంకెలతో నేర్పితే గణితం అంతే ఉంటుంది, జ్ఞానం రెట్టింపవుతుంది. మండలాలలో నెలకొల్పిన స్వయంచాలిత వాతావరణ కేంద్రాల ద్వారా ఆ అంకెలు లభిస్తున్నాయి. అధ్యాపకులకు శిక్షణ లేదన్నది రెండవ అభ్యంతరం. హైదరాబాదులోనే 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. వాతావరణ మార్పును తట్టుకొనే సేద్యం కోసం 2011లో మొదలైన జాతీయ పథకానికి ఆ సంస్థయే కేంద్రం. అటువంటి సంస్థల సహకారంతో సెలవులలో అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడం అసాధ్యం కాదు.

అందరిదీ అయిన పాఠం ఎవరిదీ కాకుండా పోతుందన్నది మూడవ అభ్యంతరం. ఇది తోసిపుచ్చదగినది కాదు. అన్ని సబ్జెక్టులలో చేర్చామని చెప్పి ఏ సబ్జెక్టులోనూ చెప్పకుండా వదిలివేసే ప్రమాదం ఉన్నది. దానికి విరుగుడు మార్కులే. ప్రతి సబ్జెక్టు ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్నయైనా ఈ అంశం మీద ఉండి, ఆ మార్కులు మొత్తంలో కలిస్తే విద్యార్థీ చదువుతాడు, అధ్యాపకుడూ చెబుతాడు. పరీక్షల మీదనే నడుస్తున్న విద్యావ్యవస్థలో విలువను చెప్పవలసిన భాష కూడా మార్కులే కావడం తప్పనిసరి. ఇక ఈ పాఠం లేత మనస్సులను భయపెడుతుందన్నది నాల్గవ అభ్యంతరం. వరదను కళ్ళారా చూసిన పిల్లలను పాఠం కొత్తగా భయపెట్టదు. కారణం తెలియని భయం కంటె కారణం తెలిసిన జాగ్రత్త మేలు. ప్రమాదంతో పాటు పరిష్కారాన్ని కూడా చెప్పడం అధ్యాపకుని ధర్మం.

కొడకండ్లలో అందుకు తగిన వేదిక ఒకటి సిద్ధంగా ఉన్నది. రాష్ట్రమంతటా నిర్మింపదలచిన 2,601 రైతు వేదికలలో మొదటిదాన్ని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 2020 అక్టోబరు 31న ప్రారంభించింది ఈ ఊరిలోనే. రైతులు కూర్చొని సాగును గురించి చర్చించుకొనడానికి ఏర్పడిన ఆ భవనంలో సంవత్సరానికి రెండుసార్లు, వానకాలం, యాసంగి పంటలకు ముందు, కళాశాల విద్యార్థులు తాము సేకరించిన వర్షపాతపు లెక్కలను రైతుల ముందు ఉంచవచ్చు. తప్పిన కార్తెలేవో పెద్దలు చెబుతారు. అవి ఎందుకు తప్పాయో విద్యార్థులు చెబుతారు. అనుభవం, శాస్త్రం ఒకే చాప మీద కూర్చొనే ఆ సభకు ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. తాను నేర్చిన పాఠం తన తండ్రికి పనికి వచ్చిందని తెలిసిన విద్యార్థికి చదువు మీద కలిగే గౌరవం ఏ బహుమతితోనూ కలిగేది కాదు.

పూర్వులు కార్తెలను కట్టింది పరీక్ష కోసం కాదు, పంట కోసం. ఆ జ్ఞానం పొలం గట్ల మీద పుట్టి, సామెతలలో బతికి, తరతరాలను పోషించింది. మారిన కాలానికి తగిన కొత్త లెక్కను కట్టవలసినవారు నేటి విద్యార్థులు. వారికి కావలసిన కొలమానాన్ని, భాషను, ధైర్యాన్ని సమకూర్చడం కళాశాలల పని. అర్హత పరీక్షకే పరిమితమైన పాఠాన్ని బతుకు లెక్కలోకి తెచ్చినప్పుడు ఆ పని మొదలైనట్లు.